తాత గాలాలను గోడకెక్కించను

వినాయక చవితి వెళ్ళిన వారానికి, భీమిలి దారిలో కొత్తగా హోటలు పెట్టిన ఒకాయన మా నాన్నను వెతుక్కుంటూ ఇంటికి వచ్చారు. మా తాత గాలాల డబ్బా సంగతి ఎవరి ద్వారానో ఆయనకు తెలిసింది. డబ్బాతో సహా పదిహేను వేలు ఇస్తామన్నారు. భోజనాల గదిలో ఒక గోడ మొత్తాన్ని సముద్రపు వస్తువులతో అలంకరిస్తున్నారట. పాత తెడ్డు దొరికింది, వల దొరికింది, లాంతరు దొరికింది, వాడిన గాలాలు మాత్రం దొరకలేదట. అద్దం వెనక పెట్టి, పైనుంచి దీపం వేసి, కింద తాత పేరు రాయిస్తామన్నారు. మర్యాదగా మాట్లాడారు. బేరం ఆడలేదు.

ఆ సాయంత్రం ఫోనులో మాట్లాడుకుంటే ఇంట్లో మూడు అభిప్రాయాలు తేలాయి. నాన్న ఇచ్చేయమన్నాడు, డబ్బు కూడా అక్కర్లేదన్నాడు. తమ్ముడు ససేమిరా అన్నాడు. బెంగళూరులో తన ఇంట్లో తానే పటం కట్టించుకుంటానన్నాడు. డబ్బా ఎక్కడుందో అక్కడే ఉండనివ్వండి, పెద్దవాళ్ళ వస్తువు కదిలించకూడదు అని అమ్మ అంది. నాకు మూడూ నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో ఆ రోజు చెప్పలేకపోయాను. మూడు నెలలుగా దాని గురించే ఆలోచిస్తూ, కొంత నా చేతులతో చేసి చూసి, ఇప్పుడు రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. గాలం అనగానే చాలామందికి వానపామునో, రొయ్యనో, చేప ముక్కనో గుచ్చిన ముల్లు గుర్తుకొస్తుంది. ఇవి అలాంటివి కావు. వీటికి ఎర గుచ్చరు, గాలమే ఎర. బొటనవేలి కణుపంత సీసపు తల, దాని మెడ చుట్టూ తెల్లటి కోడి ఈకలు, ఆ ఈకల్లో దాగిన ముల్లు. తెరచాప ఎత్తిన తెప్ప వెనక పొడవాటి దారం మీద దీన్ని విడిచిపెడితే, నీటి పైపొరలో చిన్న చేప ఒకటి ప్రాణభయంతో పారిపోతున్నట్టు ఉంటుంది. సూర, కోనాం లాంటి వేటాడే చేపలు ఆ కదలికను, మెరుపును చూసి మీద పడతాయి. మా ఇంట్లో వీటిని ఈకల గాలాలు అనేవారు. డబ్బాలో పదకొండు ఉన్నాయి. కొన్నిటికి ఈకలు రాలిపోయి సీసం, ముల్లు మాత్రమే మిగిలాయి. ఒకదానికి ముల్లు కూడా లేదు. దాని సంగతి తరవాత చెబుతాను.

లక్ష డాలర్ల చేప

హోటలాయన వచ్చి వెళ్ళాక, ఇలాంటి వస్తువులకు లోకంలో ఏమి విలువ కడుతున్నారో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో రైలీ హాస్కెల్ అనే తుపాకుల పనివాడు 1859లో చేప ఆకారపు లోహపు గాలానికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన రాగితో చేసిన వాటిలో చాలా పెద్దది ఒకటి 2003లో వేలం పాటలో 1,01,200 డాలర్లకు పోయింది. ఆ అంకెను రెండుసార్లు చదివాను. పాత గాలాలు సేకరించేవాళ్ళ లోకం ఒకటి అక్కడ ఉంది. రంగు పగిలిందా, గాజు కన్ను ఉందా, మొదట అమ్మిన అట్టపెట్టె ఉందా అని చూస్తారు. అట్టపెట్టెలోంచి బయటికి తీయనిది, నీళ్ళు తగలనిది దొరికితే ధర పెరుగుతుంది.

సేకరించేవాళ్ళను నేను తక్కువ చేయడం లేదు. ఏ గాలాన్ని ఎవరు, ఏ సంవత్సరంలో చేశారో ఇప్పుడు మనకు తెలుస్తున్నదంటే వాళ్ళ ఓపిక వల్లనే. మన దగ్గర ఆ పని చేసినవాళ్ళు ఎంతమంది? కానీ ఒక మాట నాలో ఉండిపోయింది. చేపను ఎన్నడూ కలవని గాలానికి అందరికంటే పెద్ద పీట. ఆ లెక్కన మా డబ్బాకు అక్కడ చోటే లేదు, మా వాటిలో ఒక్కటి తప్ప పళ్ళ గాట్లు పడనివి లేవు. హోటలాయన లెక్క దీనికి సరిగ్గా ఎదురు. ఆయనకు తుప్పు కావాలి, అరుగుదల కావాలి, గోడ మీద సముద్రం వాసన రావాలి. ఒకరికి కొత్తదనం ముద్దు, ఒకరికి పాతదనం ముద్దు. గాలం నీళ్ళలో ఏమి చేసేదో ఇద్దరిలో ఎవరూ అడగరు. నేను కూడా అప్పటికి అడగలేదు.

నేను చేసిన తప్పు

దసరాకు ఊరు వెళ్ళినప్పుడు డబ్బాను నాతో హైదరాబాదుకు తెచ్చుకున్నాను. నల్లగా, మురికిగా ఉన్నాయని ఒకదాన్ని తీసి, ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో తోమాను. సీసం తళతళలాడింది. తమ్ముడికి ఫోటో కూడా పంపాను.

ఆరబెట్టి కిటికీ దగ్గర పెట్టి చూశాక నా గుండె జారిపోయింది. మిగతా వాటి తలల మీద సన్నగా, ఏటవాలుగా, పక్కపక్కనే పడిన గీతలున్నాయి. కోనాం పళ్ళు పడిన చోట్లు అవి. నేను తోమిన దాని మీద సగం గీతలు లేవు. సీసం గోటితో గీసినా గీత పడేంత మెత్తన. దాని పైన కాలక్రమంలో ఏర్పడే బూడిదరంగు పొర మురికి కాదు, లోపలి లోహాన్ని కాపాడే పొర. ముప్పై ఏళ్ళ కిందట పోయిన మనిషి చేతిలో గుంజుకున్న చేప గుర్తులను నేను పది నిమిషాల్లో, ప్రేమతోనే, తుడిచేశాను.

ఆ రాత్రి తమ్ముడి మాటే సరైనదనిపించింది. నాలాంటివాళ్ళ చేతులు తగలకుండా అద్దం వెనక ఉండటమే వాటికి క్షేమం. ఫోను చేసి పటం కట్టించమని చెబుదామనుకున్నాను. మరునాడు ఉదయం ఆ గాలాన్ని డబ్బాలో తిరిగి పెట్టబోతే మెడ దగ్గర నానిన దారం వదులై చేతిలోకి వచ్చింది. దాన్ని చుట్టబోయి, ఆగిపోయాను. పైన చుట్టింది నీలిరంగు నైలాను దారం. దాని కింద ఎర్రటి పట్టుదారం. దాని కింద, సీసానికి ఆనుకుని, నల్లబడిపోయిన నూలు దారం ముక్క.

ఇందులో తాతది ఏది

మూడు కాలాల దారాలు ఒకదాని మీద ఒకటి. అంటే ఈ గాలాన్ని కనీసం మూడుసార్లు కట్టారు. ఈకలు ఎలాగూ కొన్ని వేటలకే చిరిగిపోతాయి. ముల్లు ఉప్పునీటికి తుప్పు పడుతుంది, ఏడాదికోసారైనా మార్చాలి. ఆ ముళ్ళు కూడా మన దగ్గర చేసినవి కావు. మా పెదనాన్న కొడుకు, ఈనాటికీ వేటకు వెళ్ళే అన్నయ్య, ఫోటో చూడగానే ముస్తాద్ ముళ్ళని గుర్తుపట్టాడు. 1877 నుంచి గాలాల ముళ్ళు తయారు చేస్తున్న నార్వే కంపెనీ అది. అంత దూరపు చలిదేశంలో యంత్రం వంచిన ఇనుము మా ఊరి తీరానికి వచ్చి, పందెంలో ఓడిన కోడి ఈకల్లో దాక్కుంది.

పందెం కోడి అన్నది ఊరికే రాయలేదు. సంక్రాంతికి చుట్టుపక్కల ఊళ్ళలో పందేలు జరిగే చోటికి తాత వెళ్ళేవాడు. పందెం కాయడానికి కాదు. ఓడిన కోళ్ళలో సేతువ, అంటే తెల్ల పుంజు, ఉంటే, దాని మెడ ఈకలు, నడుము మీది సన్నటి పొడుగు ఈకలు అడిగి తెచ్చుకునేవాడు. పెట్ట ఈకలు నీళ్ళలో ముద్దగా అయిపోతాయి. పుంజు మెడ ఈక సన్నగా, బిగువుగా ఉండి, దారం లాగినప్పుడల్లా మూసుకుని, వదిలినప్పుడల్లా విచ్చుకుంటుంది. అది ఊపిరి తీసినట్టు ఉండాలి అనేవాడు. ఆ మాట నాకు బాగా గుర్తు. ఇంటికి వచ్చాక ఈకలను సబ్బునీళ్ళలో కడిగి చాట మీద ఆరబెట్టే పని నాది.

కట్టింది మాత్రం తాత కాదు. ఇది డబ్బా తెరిచిన తరవాతే నాకు మళ్ళీ గుర్తొచ్చింది. కట్టింది నాయనమ్మ. అరుగు మీద కాళ్ళు చాపుకుని, దారం కొసను కాలి బొటనవేలికి చుట్టి బిగబట్టి, తేనెమైనం రాసి, సీసపు మెడ మీది గాడిలో ఈకలను ఒక్కొక్కటే పేరుస్తూ చుట్టేది. తాత వేళ్ళు లావు, దారాలు లాగి లాగి మొద్దుబారిపోయాయి, సన్నపని చేతకాదు. ఆ ఎర్రటి పట్టుదారం ఆమె పెళ్ళిచీర అంచులోనిదని మా అత్త చెప్పింది. చీర చిరిగిపోయాక అంచును పోగు పోగుగా విప్పి దాచుకుందట. హోటలాయన గోడ మీద రాయిస్తామన్నది తాత పేరు ఒక్కటే. ఈ వ్యాసానికి నేను కూడా తాత పేరే పెట్టాను. అందరం అలాగే అంటాం, అలవాటైపోయింది. కానీ పటం కట్టిస్తే ఆ అలవాటు అద్దం వెనక శాశ్వతమైపోతుంది.

సరే, ముల్లు నార్వేది, ఈక ఏ ఏటికి ఆ ఏటిది, దారం నాయనమ్మది. సీసమైనా తాతదేనా? అదీ పాత వలల గుళ్ళు కరిగించి పోసినదే. పసిఫిక్ దీవులవాళ్ళు సూరల కోసం ముత్యపు చిప్పతో గాలాలు చేసేవారు. చిప్ప మెరుపే అక్కడ ఎర. ఎముకతోనో తాబేటి చిప్పతోనో చేసిన ముల్లును దానికి దారంతో కట్టేవారు. ముల్లు విరిగితే ఇంకొకటి, దారం చీకితే ఇంకొకటి. మంచి చిప్ప మాత్రం ఒక తరం చేతిలోంచి ఇంకొక తరం చేతిలోకి వెళ్ళేది. దాని గురించి చదివినప్పుడు మా సీసం కూడా ఆ చిప్పలాంటిదే, అదొక్కటి మిగిలితే చాలు అనుకున్నాను. అన్నయ్య ఆ మాటను కూడా నిలవనివ్వలేదు.

ముల్లు లేనిది

దీపావళికి ఊరు వెళ్ళి డబ్బాను అన్నయ్య ముందు పెట్టాను. ముల్లు లేని దాన్ని చూపించి, ఇది పూర్తి చేయకుండానే తాత పోయాడేమో అన్నాను. దాని మెడలో గాడి సరిగ్గా ఉంది, రంధ్రం లేదు, పంటిగాటు లేదు, ఈక కట్టిన గుర్తు లేదు. పదకొండింటిలో అందమైనది అదే. తమ్ముడు పటం మధ్యలో పెట్టాలనుకున్నది కూడా దాన్నే.

అన్నయ్య దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "ఇది తల్లి కదా చెల్లీ, దీన్ని నీళ్ళలో వేయరు," అన్నాడు.

మా తీరంలో సముద్రపు నురుగు కొట్టుకొస్తుంది. కెరటాల నురగ కాదు. తెల్లగా, తేలికగా, అరచేయంత పొడవుండే బిళ్ళ. నాటుమందుల కొట్లలోనూ ఆ పేరుతోనే అమ్ముతారు. నిజానికి అది కటిల్ చేప వీపులో ఉండే చిప్ప. ఒక వైపు గట్టిగా, రెండో వైపు సుద్దలా మెత్తగా ఉంటుంది. అలాంటివి రెండు తెచ్చి, మెత్తటి వైపులను రాతి మీద అరగదీసి చదును చేస్తారు. రెండింటి మధ్య తల్లిని పెట్టి అదిమితే దాని ఆకారం దిగుతుంది. తల్లిని తీసేసి, పైన పోసే దారి చెక్కి, మధ్యలో సైకిలు చక్రపు పుల్ల ఒకటి నిలబెట్టి, రెండు బిళ్ళలనూ తీగతో బిగించి, కరిగిన సీసం పోస్తారు. చల్లారాక పుల్ల లాగేస్తే దారం దూరే రంధ్రం మిగులుతుంది. అచ్చులో తడి ఉండకూడదు, ఉంటే సీసం మొహం మీదికి చిమ్ముతుంది. ఒక్కొక్క అచ్చు ఒకటి రెండు పోతలకే మాడి రాలిపోతుంది. మళ్ళీ కొత్త నురుగు బిళ్ళలు, మళ్ళీ తల్లి.

అంటే డబ్బాలో ఉన్న మిగతా పదీ పిల్లలు. సముద్రంలో పోవడానికే పుట్టినవి. ఎన్ని పుట్టాయో, ఎన్ని కోనాం నోట్లో, రాళ్ళ సందుల్లో పోయాయో లెక్క లేదు. ఈ పదీ ఎలాగో మిగిలాయి. మా ఇంట్లోవాళ్ళు భద్రంగా దాచింది ఒక్క తల్లినే, అదీ ఇంకొన్నిటిని పుట్టించడానికి. మేమందరం కలిసి ఇప్పుడు ఆ పిల్లల్లో మిగిలిన పదింటి కోసం పటమా, డబ్బానా అని వాదించుకుంటున్నాం.

నా అభిప్రాయం అక్కడ కుదిరింది. ఇంటి గాలాలను దాచుకోవడమంటే మళ్ళీ చేయడమే. పాతవాటిని తోమకుండా, కడగకుండా, గుడ్డలో చుట్టి ఉంచుకుందాం. తల్లిని మాత్రం దాని పనిలో పెడదాం. దాన్ని గోడకు మేకుతో కొట్టడమంటే విత్తనపు వడ్లను గాజుసీసాలో పోసి అందంగా ఉన్నాయనడం.

ఇంకొకటి కూడా అన్నయ్యే చూపించాడు. తల్లి ముక్కు నిటారుగా లేదు, ఒక పక్కకు కొంచెం నొక్కినట్టు ఉంది. నేను అది లోపమనుకున్నాను. అన్నయ్య దారానికి ఒక పిల్లను కట్టి తొట్టి నీళ్ళలో లాగి చూపించాడు. అది తిన్నగా రాలేదు, కుంటుతూ వచ్చింది. దెబ్బతిన్న చేప ఈదినట్టు. ఫిన్లాండులో లౌరి రాపలా అనే పేద జాలరి 1936లో చెప్పులు కుట్టేవాళ్ళ కత్తితో బెండును చెక్కి, చాక్లెట్ల మీది రేకు కాగితం చుట్టి, ఫోటోల నెగటివులు కరిగించి పైన పూతగా పోసి గాలం చేశాడు. పెద్ద చేప గుంపులోకి వచ్చి, తూలుతూ ఈదే చిన్న చేపనే ఏరుకుని పట్టడం ఆయన గమనించాడు. ఆ తూలుడును బెండులోకి తెచ్చాడు. ఆయన పేరు ఇప్పుడు ప్రపంచమంతా అమ్ముడుపోయే కంపెనీ పేరు. మా తాతకు ఆయన ఎవరో తెలియదు. ఒకే సంగతిని ఇద్దరూ తమ తమ నీళ్ళలో, తమ తమ చేపల దగ్గర నేర్చుకున్నారు. ఒకరిది కంపెనీ అయింది, ఇంకొకరిది బిస్కెట్ల డబ్బాలో ఆగిపోయింది.

విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కాలంలో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఇక్కడి రెండు వందల చేపలకు బొమ్మలు వేయించి, మన పేర్లతోనే 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. మన కానగుర్త పేరు అలాగే శాస్త్రీయ నామంలోకి వెళ్ళి, ఈనాటికీ ప్రపంచమంతటా ఆ చేపకు అదే పేరు. పేర్లు చెప్పింది మా తీరం జాలర్లే కదా. చేప పేరును అలా కాగితం మీద పెట్టవచ్చు. ముక్కును ఎంత పక్కకు నొక్కాలో కాగితం మీద ఎలా పెడతారు? తల్లి సీసంలో పెట్టారు.

నాన్న అన్న మాట

ఇదంతా ఉత్సాహంగా నాన్నకు చెప్పాను. ఆయన చివరిదాకా విని ఒకే మాట అన్నాడు. "ఆ గాలం నీ చేతికి రాకూడదనే కదమ్మా నేను చదువుకున్నది."

దీనికి నా దగ్గర ఈనాటికీ పూర్తి జవాబు లేదు. అందుకే ఈ వ్యాసం రాయడం ఇన్ని రోజులు పట్టింది. పెదనాన్న కుడిచేతి చూపుడువేలును నైలాను దారం ఎముకదాకా కోసింది, ఆ వేలు మళ్ళీ వంగలేదు. తుఫాను హెచ్చరికలు ఇంటికి చేరని రోజుల్లో తెప్ప ఎక్కినవాళ్ళ భార్యలు ఒడ్డున ఎలా కూర్చునేవారో నాన్న చూశాడు. ఆయన ఓడరేవులో గుమాస్తా ఉద్యోగం సంపాదించి, మమ్మల్ని చదివించి, సముద్రానికి వీపు పెట్టించాడు. తాత వారసత్వం అంటే ఆయన దృష్టిలో అదే: తాత వద్దనుకున్నది. తాత కూడా నాన్నకు తెప్ప నడపడం నేర్పలేదు. హైదరాబాదులో జీతం తీసుకుంటూ, వారాంతంలో సీసం కరిగించి, ఇది మా సంస్కృతి అనడం నాకు తేలిక. ఆ తేలికదనం కోసం వాళ్ళు ఎంత ఇచ్చారో తెలిసిన మనిషికి ఈ మాటలు నొప్పి కలిగిస్తాయి. నేను కలిగించాను.

నేను చెప్పగలిగింది ఇంతే. వృత్తి కష్టం వేరు, వృత్తిలోని తెలివి వేరు. కష్టం నుంచి బయటపడే తొందరలో తెలివిని కూడా అక్కడే వదిలి వచ్చాం. జాలరి కొడుకు గుమాస్తా కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ తన తండ్రి చేసినది వట్టి కూలి కాదనీ, చేప చూపు, నీటి వేగం, ఈక బిగువు అన్నీ లెక్క కట్టి చేసిన పనితనమనీ ఆ గుమాస్తా పిల్లలకు తెలియాలి. మా ఇంట్లో కష్టం గురించి ఎప్పుడూ మాట్లాడుకున్నాం. ఈ పనితనం గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. నాన్న దీన్ని ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలని నేను పట్టుబట్టలేదు.

అయితే మరునాడు మధ్యాహ్నం అరుగు మీద నేను మొదటి గాలానికి ఈకలు కడుతుంటే, పేపరు చదువుతున్నవాడు కళ్ళద్దాలు పైకెత్తి చూసి, "వంపు లోపలికి పెట్టావు. బయటికి ఉండాలి," అన్నాడు. ఈకకు సహజంగా ఒక వంపు ఉంటుంది. అది లోపలికి ఉంటే ఈకలన్నీ ముల్లును కప్పుకుని చచ్చినట్టు పడుకుంటాయి. బయటికి ఉంటేనే విచ్చుకుంటాయి, మూసుకుంటాయి. నేను విప్పి మళ్ళీ కట్టాను. ఆయన పేపరు మడవలేదు.

నీళ్ళు ఏమన్నాయి

చేసిన గాలాన్ని చేప దగ్గరికి పంపకపోతే నేను చేసింది కూడా ఇంకొక రకం పటమే. అందుకని అన్నయ్యను అడిగాను. ఆయన నవ్వకుండా, తన పెట్టె తెరిచి చూపించాడు. అందులో గులాబి, ఆకుపచ్చ రంగుల్లో రబ్బరు ఆక్టోపస్సులు ఉన్నాయి, కొట్లో కొన్నవి. "వీటికీ పడతాయి చెల్లీ. ఈకల కోసం సంక్రాంతి దాకా ఆగక్కర్లేదు," అన్నాడు. అది నిజం. పూడిమడక వైపు గాలాల వేట మీదే బతికేవాళ్ళు ఏది పడితే అది వాడతారు, వాడాలి కూడా. నా చేతిపని వల్ల అన్నయ్యకు ఒక్క చేప ఎక్కువ పడుతుందని నేను చెప్పలేను. చెప్పగలిగింది ఒకటే. రబ్బరుది పోతే డబ్బు పెట్టి ఇంకొకటి కొనాలి. అది ఎందుకు అలా కదులుతుందో తెలుసుకోవలసిన అవసరం కొన్నవాళ్ళకు ఉండదు. ఇలా రెండు తరాలు గడిస్తే, కొట్లో ఏది అమ్మితే మన సముద్రంలో అదే గాలం.

ఇంకొక చిక్కు సీసం. దాని పొగ, బూడిద ముఖ్యంగా చిన్నపిల్లలకు విషం. వంటింట్లో, మా పక్కనే కరిగించేవారని తలచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది. నీళ్ళలో పడినదీ మంచిది కాదు. హంసలు మింగి చనిపోతున్నాయని బ్రిటన్‌లో 1987లో చేపలవేటకు వాడే చిన్న సీసపు గుళ్ళ అమ్మకాన్ని నిషేధించారు. అందుకని నేను తగరంతో పోశాను. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, పని సుళువు. రెండు తలలు చక్కగా వచ్చాయి. తల్లి పోలిక ఏమీ తప్పలేదు.

డిసెంబరు మొదటి వారంలో అన్నయ్య వాటిని తీసుకెళ్ళి, సాయంత్రానికి రెండూ తిరిగి తెచ్చాడు. మునగడం లేదట. కప్పలా నీటి మీద గంతులేస్తున్నాయట. తగరం సీసం కంటే బాగా తేలిక, అది ఒక కారణం. రెండో కారణం నేను ఊహించనిది. "ఇది తాత తెప్ప నడిచిన వేగానికి చేసింది. గాలికి నడిచే తెప్ప ఎక్కడ, నా మోటారు ఎక్కడ?" అన్నాడు. నేను తల్లికి ఎంత నమ్మకంగా నకలు తీశానో అంతగా తప్పాను. అలా తీసిన నకలు తాత సముద్రానికి సరిపోతుంది. ఆ సముద్రం మీద తెరచాపలు ఇప్పుడు దాదాపు లేవు.

ఈసారి సీసంతోనే పోశాను, ఆరుబయట, ముక్కుకు ముసుగు కట్టుకుని. దీని గురించి నా మనసు ఇంకా కుదుటపడలేదు. బరువు సరిపోయే వేరే లోహం దొరికేదాకా ఎక్కువ పోయను. మూడు తలలు వచ్చాయి. అన్నయ్య ఒకదాన్ని చేతిలో పెట్టుకుని కాసేపు తిప్పి చూసి, చాకు తీసి ముక్కు మీద ఏటవాలును సన్నగా చెక్కేశాడు. నాకు ప్రాణం పోయినంత పనైంది. తల్లి ఆకారం మారిపోతోంది అన్నాను. "తల్లి డబ్బాలోనే ఉంది కదా. ఇది నా పడవది," అన్నాడు. దాన్ని తొట్టిలో వేసి వేగంగా లాగితే నీటి కిందే ఉండి, కుంటుతూ వచ్చింది.

ఇది చూశాకే నాకు నా అభిప్రాయం మీద నమ్మకం కుదిరింది. అన్నయ్య తాత గాలాన్ని మార్చాడు. మార్చడం ఆయనకు చేతనైంది, ఎందుకంటే అది ఎందుకు అలా ఉందో ఆయనకు తెలుసు. తమ్ముడి పటంలోని గాలాన్ని ఎవరూ మార్చలేరు. దాన్ని చూసి తమ్ముడి కొడుకు, ముత్తాత చేపలు పట్టేవాడట అని స్నేహితులకు చెబుతాడు. అది కూడా మంచిదే, తమ్ముడికి నేను ఆ మాట చెప్పాను. పాత పదింటిలో రెండు పంపిస్తానన్నాను. ఒకదాని మీద పళ్ళ గాట్లు బాగా కనిపిస్తాయి, ఇంకొకటి నేను తోమి పాడుచేసింది. అది ఎలా పాడైందో కూడా కింద రాయించమన్నాను. హోటలాయనకు నాన్న ఫోను చేసి, పిల్లలు ఇవ్వడం లేదని చెప్పేశాడు.

నిన్న పొద్దున అన్నయ్య ఫోనులో ఒక ఫోటో పంపాడు. దారం కొస, అంతే. నున్నగా, చాకుతో కోసినట్టు తెగి ఉంది. వెంటనే ఫోను చేశాడు.

"కోనాం కొరికేసింది. పెద్దదే. ముందర జానెడు తీగ కడితే తెగేది కాదు, నాదే తప్పు. ఇంకొకటి ఉందా?"

రెండు తలలున్నాయి, ఈకలు లేవన్నాను. ముక్కు నువ్వే చెక్కాలి అన్నాను. బజారులో దొరికే బ్రాయిలరు కోడి ఈకలు పనికిరావు, మొన్న చూశాను. సంక్రాంతికి ఇంకా మూడు వారాలుంది. సేతువ ఓడితే మెడ ఈకలు తీసి పెట్టమని ఊళ్ళో ఇద్దరికి చెప్పి ఉంచాడట నాన్న.